తలకింత

పొద్దున్నే కవర్లు చించడం నా పని.
జాక్సన్‌లో, సౌందర్య వృత్తుల బోర్డు ఆఫీసులో,
కిటికీ తెరుచుకోని గదిలో, ఇరవై రెండేళ్ళుగా.

చించకముందే తెలిసిపోతుంది ఎక్కడిదో.
గోళ్ళరంగు తుడిచే మందు వాసనొస్తే బిలాక్సీ తీరం:
థూయెత్ లీ, ఆమె ఇద్దరు మరదళ్ళు,
ముగ్గురికీ కలిపి ఒకటే మనీ ఆర్డరు.
కాలిన దువ్వెన వాసన, కమిలిన నూనె వాసన
డెల్టా పల్లెలవి.
ఏ వాసనా లేకపోతే అది బ్యూటీ స్కూలు.
మూడు వందల డాలర్ల చెక్కు,
సంతకం కూడా రబ్బరుదే.

నా వెనక గోడ మీద రేట్ల కాయితం.
కత్తిరించే చేతికి యాభై.
ఆ చేయి నిలబడే గదికి డెబ్బై అయిదు.
ఆ చేతికి నేర్పే చేతికి ఎనభై.
గడువు వెంట్రుకవాసి దాటినా ఇంకో యాభై.
దాన్ని మావాళ్ళు ఆలస్య రుసుము అంటారు.
ఫోనులో అవతలివాళ్ళు ఇంకేదో అంటారు,
అది నేను రాసుకోను.

పదిహేను వందల గంటలు నేర్చుకుని
కీషండ్రా అనే పిల్ల
పరీక్ష ఫీజు అయిదు డాలర్లు తక్కువ పంపింది.
"శుక్రవారం టిప్పులొచ్చాక మిగతాది."
ఫారం తిప్పి పంపాను. రూలు.
చీటీ మాత్రం నా సొరుగులో ఉండిపోయింది,
ఎందుకో.

సెప్టెంబరులో ఇట్టా బీనా నుంచి ఒక లావుపాటి కవరు.
నగదు పంపరాదని పెద్దక్షరాల్లో ఉన్నా
అన్నీ నోట్లే, ఒకట్లూ అయిదులూ, రబ్బరుబ్యాండు వేసి.
వెర్లీన్ టగుల్, సెలూను రెన్యువల్.
సంతకం చోట ఇంకో దస్తూరీ:
"అమ్మ జూన్‌లో పోయింది. కుర్చీలు అమ్మేశాం.
నేను ట్రాక్టర్ల షాపులో లెక్కలు రాస్తాను,
సరిగ్గా పాపిడి తియ్యడం కూడా రాదు.
కానీ అద్దం పక్కన ఆ కాయితం
నలభై ఒక్కేళ్ళలో ఒక్కసారీ గడువు దాటలేదు.
దాటనివ్వకండి. లోరెట్."

పోతే రద్దు అనడానికి మా దగ్గర గడి ఉంది.
పోయినా ఉండనివ్వమనడానికి లేదు.
డెన్సిల్‌ని అడిగాను.
"డబ్బు తిప్పి పంపు, రద్దు కొట్టు" అన్నాడు
తల ఎత్తకుండానే.
నున్నగా, గీత గీసినట్టు అతని పాపిడి.
ఎవరో యాభై డాలర్ల చేయి తీసింది.

నోట్లు పోస్టులో వెయ్యబుద్ధి కాలేదు.
శనివారం నేనే బయల్దేరాను.
దారి పొడవునా పత్తి విచ్చుకుంటోంది.

తాళం లేదు.
లోపల వంటింటి కుర్చీలో మిస్ ఒజెల్లా,
ఎనభై దాటిన మనిషి, మెడ వెనక్కి వాల్చి.
లోరెట్ మోచేతుల దాకా నురగ.
లైసెన్సు లేని తలంటు:
మొదటి తప్పుకి రెండు వందలు,
ఆ పట్టిక నాకు కంఠతా.
నా మెడలో బోర్డు బిళ్ళ చూసి
ఆమె చేతులు నెత్తి మీదే ఆగిపోయాయి.
"కవర్లు చించేదాన్ని" అన్నాను,
"తనిఖీకి రాలేదు."
నోట్లు సింకు అంచున పెట్టాను.
ఎవరూ లెక్కపెట్టలేదు.
"పిల్లా, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది ముసలావిడ,
కళ్ళు మూసుకునే.

అద్దం పక్కన ఫ్రేము.
ఫ్రేము అద్దం మీద దుమ్ము లేదు.

సోమవారం రద్దు ముద్ర కొట్టాను,
కొంచెం వంకరగా పడింది.
పక్క బల్ల నుంచి ఫ్రాన్సీన్
గాలి పీల్చి, కవర్ల కుప్ప కేసి చూసి,
నా తల కేసి చూసి,
"ఆర్డెల్లా, ఇది ఏ ఊరి కవరు?" అంది.